ఎన్ఐటీ సీటు వదిలి లెక్కల టీచరు కావాలనుకుంటున్న అమ్మాయికి

అమ్మాయీ, నీ ప్రశ్న బాగా పొడుగ్గా ఉంది. ఇది చదివే మిగతావారి కోసం ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మీది కలిగిరి దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు, సొంతానికి ఒక బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) ఉంది. ఇంటరు ఎంపీసీ పూర్తి చేశావు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది. కౌన్సెలింగు రౌండ్లు ఇంకా నడుస్తున్నాయి. నువ్వేమో ఆ సీటు వదిలేసి నెల్లూరులో డిగ్రీ, ఆపైన బీఈడీ చేసి హైస్కూల్లో లెక్కల టీచరు కావాలంటున్నావు. నాన్న వారం రోజులుగా నీతో మాట్లాడటం లేదు. మేనత్త మాత్రం పల్లిపాడులో రెండేళ్ల ట్రైనింగు చేస్తే తొందరగా ఉద్యోగం వస్తుందంటోంది. చివర్లో, "వదలమంటారా, వద్దంటారా, ఒక్క మాటలో చెప్పండి సార్" అని అడిగావు.

ఒక్క మాటలో చెప్పేవాళ్లు మీ ఊళ్లోనే కావలసినంత మంది ఉంటారు. నేను నెల్లూరు జిల్లా బడుల్లో 38 ఏళ్లు లెక్కలు చెప్పి, 2024లో ప్రధానోపాధ్యాయుడిగా రిటైరై, కావలిలో కాలక్షేపం చేస్తున్నవాణ్ని. ఇలాంటి ప్రశ్న పట్టుకుని నా దగ్గరకు వచ్చిన పిల్లలు కొందరున్నారు. వాళ్లలో ఒకరిద్దరికి నేను తొందరపడి చెప్పిన సలహా తప్పని తరువాత తెలిసింది. అందుకే ఈసారి నిదానంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే నేను చెప్పేదంతా పురాణ కాలక్షేపంలా ఉంటుంది. 1979లో ఇంటరు అయ్యాక నాకూ తిరుపతిలో ఇంజనీరింగు సీటు వచ్చింది. వదిలేశాను. బీఎస్సీ, బీఈడీ చేసి, మూడేళ్లు అవీ ఇవీ ట్యూషన్లు చెప్పుకుని, 1986లో జిల్లా ఎంపిక కమిటీ ద్వారా బడిలో చేరాను. చాలా ఏళ్లు ఈ కథను ఒకే రకంగా చెప్పుకున్నాను: పిల్లలకు చదువు చెప్పాలన్న ఆశయంతో ఇంజనీరింగు కాదనుకున్నానని. ఒక సెప్టెంబరు 5న మండల కేంద్రంలో నాకు శాలువా కప్పి, ఒక పెద్దాయన మైకులో నా త్యాగాన్ని పది నిమిషాలు పొగిడాడు. కుర్చీలో కూర్చోలేకపోయాను. ఎందుకంటే నేను సీటు వదిలింది భయంతో. తిరుపతి హాస్టలంటే భయం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయని భయం. మా నాన్న అప్పు చేయాల్సి వస్తుందని భయం. ఆ మూడు భయాలకూ కలిపి ఆశయం అని పేరు పెట్టుకున్నాను. పేరు బాగుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

కాబట్టి నిన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. జవాబు నాకు రాయనక్కర్లేదు, నీలో నువ్వు చెప్పుకుంటే చాలు. రేపు ఆ సీటు తాడేపల్లిగూడెంలో కాక మీ ఇంటి పక్కనే ఉండి, ఫీజు లేకుండా, క్లాసు మొత్తం నీకు తెలిసిన పిల్లలే ఉంటే, అప్పుడూ వదులుతావా? 'ఆఁ, వదులుతాను' అని వెంటనే అనిపిస్తే సరే. ఒక్క క్షణం తడబడితే మాత్రం నీ సమస్య వేరు. దానికి మందు కూడా వేరు.

డబ్బు సంగతి కాబోలు అని నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, అంత పెద్ద ఉత్తరంలో ఫీజు మాట ఒక్కసారి కూడా లేదు. పొగాకు రైతు ఇంట్లో డబ్బు మాట రాకుండా ఏ నిర్ణయమూ జరగదని నాకు తెలుసు. ఎన్ఐటీల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి అయిదు లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఆదాయ ధ్రువపత్రం సరిగ్గా పెట్టుకోవాలి, అంతే. హాస్టలు, మెస్సు ఖర్చు మాత్రం ఉంటుంది. నాన్నకు భారం కాకూడదని నీలో నువ్వే తీర్మానించుకుని దానికి టీచరు ఉద్యోగం అని పేరు పెట్టి ఉంటే, ఆయనకు ఈ విషయం చెప్పి చూడు.

భయమూ కాదు, డబ్బూ కాదు అనుకుందాం. అప్పుడు రెండో సంగతి. నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. 'టీచరు' అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. 'లెక్కలు' అన్న మాట మూడుసార్లు. పిల్లల గురించి ఉన్నది ఒకే ఒక్క చోట: వేసవిలో మీ అరుగు మీద పదో తరగతి తప్పిన అయిదుగురికి లెక్కలు చెప్పావు, సప్లిమెంటరీలో నలుగురు పాసయ్యారు. "ఒకడు వారం తరువాత రావడం మానేశాడు" అని అర వాక్యంలో తేల్చేశావు. ఆ అర వాక్యం దగ్గరకు మళ్లీ వస్తాను.

టీచరుగా ఉండటం నాకు ఎప్పుడు ఇష్టమైందో చెప్పనా? ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. అప్పటిదాకా బోర్డు మీద లెక్క చేసి, పిల్లలు ఎక్కించుకున్నారా లేదా చూసి, గంట కొట్టగానే బయటపడేవాణ్ని. ఉదయగిరి వైపు ఒక బడిలో ఏడో తరగతి. ఒక పిల్లవాడు సగానికి మూడోవంతు కలిపితే అయిదింట రెండు అని రాశాడు. పై అంకెలు కలిపాడు, కింది అంకెలు కలిపాడు. తప్పు కొట్టాను. మర్నాడు మళ్లీ అదే. మళ్లీ కొట్టాను. నాలుగోసారి విసుగొచ్చి, అసలు ఇలా ఎందుకు వేస్తున్నావురా అని అడిగాను. వాడు బెదరకుండా చెప్పాడు: "పొద్దున గోలీలాటలో రెండుసార్లు గురి చూస్తే ఒకసారి తగిలింది సార్. సాయంత్రం మూడుసార్లు చూస్తే ఒకసారి తగిలింది. మొత్తం అయిదుసార్లకి రెండు తగిలినట్టే కదా?"

నా దగ్గర జవాబు లేదు. బీఎస్సీ లెక్కలు ఫస్టుక్లాసులో పాసైనవాణ్ని, ఏడో తరగతి పిల్లవాడికి జవాబు చెప్పలేక, గంట కొట్టడంతో బతికిపోయాను. ఆ సాయంత్రం బస్సులో కావలి దాకా అదే ఆలోచన. వాడి లెక్క తప్పు కాదు. వాడు వేసింది వేరే లెక్క. నేను అడుగుతున్నది ఒకే వస్తువులో సగం, అదే వస్తువులో మూడోవంతు. వాడు చూస్తున్నది రెండు వేర్వేరు ఆటలు. ఆ తేడా నేను ఒక్కనాడూ క్లాసులో చెప్పలేదు. అది ఉందని నాకే స్పష్టంగా తెలియదు.

మర్నాడు ఇంటినుంచి ఒక జొన్నరొట్టె తీసుకెళ్లాను. సగానికి తుంచి వాడి చేతిలో పెట్టాను. "ఇది సగం. ఇంకో రొట్టె తెచ్చి దాంట్లో మూడోవంతు నీకే ఇస్తాననుకో. నీ దగ్గర ఉండేది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" ఎక్కువే సార్ అన్నాడు. "మరి అయిదింట రెండు, సగం కన్నా ఎక్కువా, తక్కువా?" వాడు పలక వైపు చూశాడు, చేతిలో రొట్టె వైపు చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత పలక మీద రాసినదాన్ని తన అరచేత్తోనే తుడిచేసుకున్నాడు. నేను తుడవమనలేదు. (రొట్టె మిగతా సగం ఏమైందని అడగకు, వెనక బెంచీలో మాయమైంది.)

ఆ రోజు నుంచి నేను టీచర్ని. అంతకు ముందు నాలుగేళ్లు జీతం తీసుకున్నవాణ్ని. ఇది నీకెందుకు చెబుతున్నానంటే, ఈ పనిలో ఉండే రుచి 'నేను చెబితే వాళ్లకు అర్థమైంది' అన్న దాంట్లో తక్కువ. 'వాళ్లకు ఎందుకు అర్థం కాలేదో నాకు అర్థమైంది' అన్న దాంట్లో ఉంటుంది. మొదటిది ఎవరికైనా ఇష్టమే, మనకు చప్పట్లు పడతాయి కాబట్టి. రెండోది ఇష్టమో కాదో నీకు ఇంకా తెలియదనుకుంటాను.

ఇక లోకవ్యవహారం.

నువ్వు అనుకున్న దారిలో డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు, మొత్తం అయిదు. ఇంజనీరింగు చదివి తరువాత బీఈడీ చేస్తే ఆరు. అంటే సీటు వదులుకుని నువ్వు మిగుల్చుకునేది ఒక్క సంవత్సరం. ఒక్క ఏడాది కోసం ఎన్ఐటీ సీటు వదలడం ఏ లెక్కల టీచరూ ఒప్పుకోని బేరం. కాబట్టి 'తొందరగా టీచరు కావచ్చు' అన్న వాదన పక్కన పెట్టు. వదలడానికి అసలు కారణం ఏదైనా ఉంటే అది ఒకటే: ఆ నాలుగేళ్లూ నువ్వు చదివేది లెక్కలా, సర్క్యూట్లా అన్నది. లెక్కల టీచరుకు లెక్కలు లోతుగా రావాలి. పదో తరగతి పుస్తకం వచ్చినంత మాత్రాన పదో తరగతికి చెప్పలేరు. గోలీల పిల్లవాడు అది నాకు నేర్పాడు.

ఇంకో చిక్కు. బీటెక్ వాళ్లు బీఈడీలో చేరవచ్చు, నిర్ణీత మార్కులుండాలి. కానీ చేరడం వేరు, సర్కారు కొలువుకు అర్హత వేరు. స్కూల్ అసిస్టెంటు, అంటే హైస్కూలు టీచరు, పోస్టుకు డిగ్రీలో ఏ సబ్జెక్టు ఉండాలో, బీఈడీలో ఏ మెథడాలజీ ఉండాలో నోటిఫికేషన్లో పట్టిక వేసి మరీ చెబుతారు. ఆ పట్టిక చూడకుండా ఏళ్లు ఖర్చు పెట్టి, సర్టిఫికెట్ల పరిశీలన రోజు బల్ల ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. డిగ్రీలో చేరినా అంతే, ఇప్పుడు మేజర్ సబ్జెక్టు ఏదన్నది నీ బోధనా జీవితాన్ని నిర్ణయిస్తుంది. లెక్కలు చెప్పాలనుకునే అమ్మాయి 'కంప్యూటర్స్‌కు డిమాండు' అని ఎవరో అన్నారని మేజర్ మార్చుకుంటే కథ అక్కడే ముగుస్తుంది.

మేనత్త చెప్పిన పల్లిపాడు సంగతి. డైట్‌లో, అంటే అక్కడి జిల్లా టీచర్ల శిక్షణ సంస్థలో, చేసేది రెండేళ్ల డీఈఎల్ఈడీ. దానితో చెప్పగలిగేది ఒకటి నుంచి అయిదో తరగతి వరకు. ఇదివరకు బీఈడీ వాళ్లూ ఆ పోస్టులకు పోటీ పడేవారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని తేల్చింది. అప్పటినుంచి రెండు దారులూ పూర్తిగా వేరైపోయాయి. నీకు హైస్కూలు లెక్కలు కావాలి కాబట్టి పల్లిపాడు నీ దారి కాదు. చిన్నపిల్లలకు చదువు చెప్పడం తక్కువ పని అని కాదు సుమా. నన్నడిగితే రెండో తరగతికి తీసివేత నేర్పడం, పదో తరగతికి త్రికోణమితి నేర్పడం కన్నా కష్టం. (పల్లిపాడు మాట వచ్చింది కాబట్టి: 1921లో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించింది ఆ ఊళ్లోనే. దానికి భూమి ఇచ్చిన పొణకా కనకమ్మ చిన్నతనంలోనే పెళ్లయి ఇంట్లోనే చదువు నేర్చుకున్న మనిషి. 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఆ ఊరు వెళ్తే ఆశ్రమం చూసి రా.)

మూడో దారి ఒకటుంది, నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఇంటరు తరువాత నేరుగా చేరే నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ. డిగ్రీ, బీఈడీ కలిసే వస్తాయి, ఒక ఏడాది ఆదా అవుతుంది. కొత్త విద్యావిధానం వచ్చాక దీన్ని ఐటెప్ అనే పేరుతో 2023-24 నుంచి దేశంలో కొన్ని ఎంపిక చేసిన సంస్థల్లో మొదలుపెట్టారు. జాతీయ పరీక్షల సంస్థ పెట్టే ఎన్‌సెట్ రాయాలి. ఇది కాక మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల పిల్లలకు టీచరు చదువు చెబుతున్న చోటు. అక్కడ లెక్కల్లో ఆరేళ్ల ఎమ్మెస్సీ ఈడీ కూడా ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్లు ఇద్దరు నాతో పనిచేశారు. పాఠం మొదలుపెట్టే తీరులోనే తెలిసిపోయేది. బోర్డు వైపు తిరిగేముందు పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి, తప్పు జవాబులన్నీ బోర్డు మీద రాసేవారు. నాకు నాలుగేళ్లు, ఒక జొన్నరొట్టె పట్టిన పాఠాన్ని వాళ్లు చదువుతోపాటే నేర్చుకుని వచ్చారు.

ఈ పరీక్షల దరఖాస్తుల గడువు ఇంటరు ఫలితాల హడావుడి మొదలయ్యే ముందే చాలావరకు అయిపోతుంది. నువ్వు ఈ ఏడు రాశావా? ఉత్తరంలో లేదు కాబట్టి రాయలేదనే అనుకుంటున్నాను. టీచరు కావాలన్న కోరిక మూడేళ్లుగా ఉందన్నావు. మూడేళ్లలో ఒక్కసారైనా టీచరు కావడానికి ఏయే పరీక్షలున్నాయో వెతకలేదంటే, ఇక్కడ కాస్త కటువుగా అంటున్నాను ఏమనుకోకు, ఆ కోరికకు నువ్వు ఇంతవరకు పెట్టిన ఖర్చు ఏమీ లేదు. జేఈఈకి మాత్రం రెండేళ్ల నిద్ర పెట్టావు.

ఇక డీఎస్సీ, అంటే సర్కారు టీచర్ల ఎంపిక పరీక్ష. నాన్న అన్న మాట నువ్వు రాసింది చదివి కాసేపు నవ్వుకుని, తరువాత నవ్వలేకపోయాను. "బోర్డులో ఆకు రేటు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో తెలియక ముప్పై ఏళ్లు బతికాను. నీ బతుకు కూడా డీఎస్సీ కోసం ఎదురుచూపులేనా?" కలిగిరి వేలం కేంద్రంలో బేళ్ల పక్కన నిలబడి పాటకు ఎదురుచూసిన మనిషికి తప్ప ఇంత సూటి పోలిక తట్టదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2018 తరువాత మన రాష్ట్రంలో మళ్లీ డీఎస్సీ పూర్తయింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. 1998 డీఎస్సీలో అర్హత పొంది ఆగిపోయినవాళ్లకు దాదాపు పాతికేళ్ల తరువాత పిలుపొచ్చింది, అప్పటికి చాలామందికి మనవలు కూడా ఉన్నారు.

2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు. అందులో స్కూల్ అసిస్టెంట్లు దాదాపు సగం. అంకె పెద్దదే. కానీ అది రాష్ట్రమంతటికీ, అన్ని సబ్జెక్టులకూ కలిపి. మన జిల్లా, లెక్కలు, నీ రిజర్వేషన్ అని జల్లెడ పడుతూ పోతే చివరికి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆ డీఎస్సీకి వయోపరిమితి ఓసీలకే 44 ఏళ్లకు పెంచారు. మళ్లీ అలాగే పెంచితే, పదిహేనేళ్లుగా ప్రైవేటు బడుల్లో లెక్కలు చెబుతున్నవాళ్లు నీ పక్క కుర్చీలో కూర్చుని పరీక్ష రాస్తారు. స్కూల్ అసిస్టెంటు పరీక్ష 80 మార్కులకు. టీచరు అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి టెట్‌లో గట్టెక్కితే చాలదు, అక్కడ వచ్చే ప్రతి మార్కూ లెక్కే.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి 2012లో ఇంటరు అయ్యాక ఇంజనీరింగు వద్దంది. నేనే భుజం తట్టాను. 2017లో బీఈడీ పూర్తి చేసింది, 2018 డీఎస్సీలో కొద్దిలో పోయింది. తరువాత ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఒక ప్రైవేటు బడిలో, నెలకు పన్నెండు వేలతో మొదలుపెట్టి, పొద్దున ఏడున్నరకు వెళ్లి రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఇంటికి వచ్చేది. వేసవి సెలవులకు జీతం ఉండేది కాదు. కరోనా ఏడాది అసలు లేదు. 2025లో ఉద్యోగం వచ్చింది, ముప్పయ్యో ఏట. నియామకపత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు సంతోషంగా ఉందా అమ్మా అని అడిగాను. "అలసటగా ఉంది సార్" అంది. స్కూల్ అసిస్టెంటు స్కేలు 44,570 నుంచి మొదలవుతుంది, దానిమీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. మన పల్లెల్లో అది మంచి జీతమే. కానీ అది వచ్చేదాకా బతకాల్సిన ఏళ్లను ఎవరూ లెక్కలో వేయరు. నేనూ ఆ అమ్మాయికి వేసి చెప్పలేదు. నా సలహాల్లో తప్పిపోయినవి ఉన్నాయన్నాను కదా, అందులో ఇది మొదటిది. ఉద్యోగం వచ్చింది కాబట్టి తప్పు కాదంటుంది మా ఆవిడ.

ఇంకొక అబ్బాయి ఇంజనీరింగు చదివి బెంగళూరులో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, కొంత వెనకేసుకుని, తిరిగొచ్చి ఇప్పుడు కావలిలో ఇంటరు పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. బాగా చెబుతాడు. అయితే 'ముందు సంపాదించి తరువాత టీచరవుతాను' అని నాతో అన్నవాళ్లలో తిరిగొచ్చింది అతనొక్కడే. మిగతావాళ్లను తప్పుపట్టను. ఇంటి అప్పు, పెళ్లి, పిల్లల బడి ఫీజు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆడపిల్లవు కాబట్టి నీ విషయంలో నిర్ణయాలు చేసేవాళ్ల సంఖ్య ఏడాదికేడాది పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇది నాకు నచ్చి చెబుతున్న మాట కాదు.

ఇవన్నీ కలిపి నా అభిప్రాయం. నెల్లూరు డిగ్రీ కోసం మాత్రం ఈ సీటు వదలవద్దు. నెల్లూరు కాలేజీల మీద నాకు చిన్నచూపు లేదు. కానీ డిగ్రీ సీటు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. ఎప్పుడూ దొరికేదాని కోసం మళ్లీ దొరకని దాన్ని వదులుకోకూడదు. మైసూరు లాంటి చోటో, పేరున్న సంస్థలో నాలుగేళ్ల ఐటెప్ కోర్సో నీ చేతిలో ఉండి అడిగితే, 'వదిలెయ్' అనేవాణ్ని. అప్పుడు నువ్వు ఒక సీటు వదిలి ఇంకో సీటులో కూర్చుంటావు. ఇప్పుడు చేయబోతున్నది సీటు వదిలి నిలబడటం.

మరి ఏం చేయాలి? తాడేపల్లిగూడెం వెళ్లు. మొదటి ఏడాది ఇంజనీరింగులో లెక్కలు గట్టిగానే ఉంటాయి, అది నీకు నష్టం కాదు. ఎన్‌సెట్ దరఖాస్తు తేదీలు గోడ మీద రాసిపెట్టుకో. నిరుడు ఇంటరు పాసైనవాళ్లూ రాయవచ్చు. హాస్టల్లో ఉంటూ, చుట్టూ అందరూ కోడింగు అంటుంటే, నువ్వు ఒక్కదానివే కూర్చుని టీచరు పరీక్షకు చదవగలిగితే, ఆ కోరిక నిజమని నాకూ, మీ నాన్నకూ, ముందు నీకూ తెలుస్తుంది. సీటొస్తే అప్పుడు మానెయ్. ఒక ఏడాది పోతుంది, పోనీ. ముప్పై ఎనిమిదేళ్ల పనికి ముందు ఒక ఏడాది ఎంత?

నేను చెప్పింది కాదని ఇప్పుడే వదలాలనుకుంటే, నీ ఇష్టం, అందులోనూ ఒక పద్ధతి ఉంది. చివరి రౌండు దాకా చూసి, అప్పుడు మనసు మార్చుకుంటానంటే కుదరదు. ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగులో సీటు విత్‌డ్రా చేసుకునే అవకాశం చివరి రౌండుకు ముందే ముగుస్తుంది. ఆ లోపు చేస్తే కొంత పట్టుకుని మిగతా డబ్బు వెనక్కి ఇస్తారు. తేదీ ఎప్పుడో వాళ్ల వెబ్‌సైటులోనే చూడు, వాట్సాప్‌లో వచ్చేది నమ్మకు. జేఈఈ మెయిన్ ఇంటరు పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయవచ్చు కాబట్టి ఆ తలుపు ఈ ఒక్క రోజుతో మూసుకుపోదు. కానీ మళ్లీ ఆ ర్యాంకు వస్తుందని హామీ లేదు.

నాన్న సంగతి. ఆయన మాట్లాడకపోవడానికి కారణం పరువు అని రాశావు. నాకలా అనిపించలేదు. పరువు పోతుందనుకునే మనిషి అరుస్తాడు. ఈయన వేలం కేంద్రం పోలిక తెచ్చాడంటే భయపడుతున్నాడు. నీ మీద కోపం కన్నా ఎదురుచూపుల మీద భయం. 'టీచరు ఉద్యోగం గొప్పది నాన్నా' అని నువ్వు ఎంత చెప్పినా ఆయనకు ఎక్కదు, గొప్పది కాదని ఆయన అనలేదు కాబట్టి. రాత్రి భోజనమయ్యాక వెళ్లి పక్కన కూర్చో, బ్యారన్ మాట ఎత్తు. నా కాలంలో పొగాకు ఊళ్ల పిల్లలు సీజన్లో క్లాసులో తూగేవాళ్లు, రాత్రంతా బ్యారన్ కాపలా. మొదట్లో కొట్టేవాణ్ని. తరువాత ఒకసారి బ్యారన్ థర్మామీటరు క్లాసుకు తెప్పించి, ఫారన్‌హీట్ లెక్కలు వాళ్లచేతే చేయించాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు ఆకు పండటానికి ఎంత వేడి, ఈనె ఆరటానికి ఎంత వేడి అని లేచి నిలబడి చెప్పాడు. ఆ అంకెలు నాన్నకు నోటికొచ్చి ఉంటాయి. అడుగు. అక్కడినుంచి మాట మొదలవుతుంది. సీటు సంగతి ఆ రాత్రే తేలనక్కర్లేదు.

ఇప్పుడు ఆ అర వాక్యం. వారం తరువాత రావడం మానేసిన పిల్లవాడు. మిగతా నలుగురి మార్కులు కూడా రాశావు, వాడి పేరు కూడా రాయలేదు. వాడు ఎందుకు మానేశాడో నీకు తెలుసా? పనికి పోయాడా, ఎవరైనా నవ్వారా, నువ్వు చెప్పేది అర్థం కాక ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడా? నువ్వు వాళ్లింటికి వెళ్లావా?

విత్‌డ్రా గడువు లోపల ఒకరోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లు. మళ్లీ రమ్మని అడగకు, పుస్తకం తీయమనకు. ఎందుకు మానేశావురా అని అడిగి, వాడు చెప్పేదాకా ఊరికే కూర్చో. వాడు చెప్పినది, చెప్పినట్టే, నీ మాటలు కలపకుండా నాకు రాయి. సీటు గురించి మిగతాది ఆ ఉత్తరం వచ్చాక మాట్లాడుకుందాం.